ఆల్కహాల్‌ను ఆక్సీకరిస్తే వచ్చిన సమ్మేళనానికి పేరు పెట్టడం ఎలా?

ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 2-మిథైల్‌బ్యూటన్-1-ఓల్, 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్, 2-మిథైల్‌బ్యూటన్-2-ఓల్ అనే మూడు ఆల్కహాల్‌లను ఒకసారి పీసీసీ (పిరిడీనియం క్లోరోక్రోమేట్) అనే ఆక్సీకరణ కారకంతో, మరోసారి ఆమ్లీకృత పొటాషియం డైక్రోమేట్‌తో ఆక్సీకరిస్తే వచ్చే వాటి పేర్లు రాయమన్నారు. రెండోదానికి ‘2-మిథైల్‌బ్యూటన్-3-ఓన్’ అని రాస్తే తప్పు పెట్టారు, ఎందుకు? మూడోదానికి ఏ పేరు రాయాలి? గైడులో కనిపించిన ‘ఐసోవలెరాల్డిహైడ్’ ఈ మూడింటిలో దేని నుంచి వస్తుంది? పట్టిక బట్టీ పట్టకుండా పేరు పెట్టే దారి ఏదైనా ఉందా?

ఉంది. పేరు చూసి పేరు రాయడం మానేయండి. చాలామంది ఆల్కహాల్ పేరులో చివరి ముక్క తీసి ఇంకో ముక్క అతికిస్తారు. చిన్న అణువుల దగ్గర అది సరిపోతుంది కాబట్టి అదే పద్ధతి అని నమ్ముతారు. రెండు హైడ్రాక్సిల్ (OH) సమూహాలు కనిపించినా, వలయం కనిపించినా దారి తప్పుతారు. పేరు చదివి నిర్మాణం గీయండి. ఆ నిర్మాణంలో హైడ్రాక్సిల్ ఉన్న ఒక్క కార్బన్‌ను మార్చండి. పాత అంకెలు చెరిపేసి, ఆ సమ్మేళనాన్ని మొదటిసారి చూస్తున్నట్టు మళ్లీ పేరు పెట్టండి. ఎన్నో ఏళ్లుగా నేను ఇలాగే చెబుతున్నాను. దీన్ని అలవాటు చేసుకున్న విద్యార్థి పరీక్షలో ఈ ప్రశ్నకు తడబడటం నేను చూడలేదు.

ముందుగా తెలుగులో రాసేవాళ్లకు ఒక జాగ్రత్త. ఆల్కహాల్ పరపదం, అంటే పేరు చివరి ముక్క, ‘ఓల్’, ఆల్డిహైడ్ పరపదం ‘ఆల్’. రోజువారీ రాతలో రెండూ కలిసిపోతాయి. కల్తీ మద్యం వార్తల్లో పత్రికలు ‘మిథనాల్’ అని రాసేది ఆల్కహాల్ గురించే, కానీ పరపదాల లెక్కలో ఆ పేరు ఫార్మాల్డిహైడ్‌కు చెందుతుంది. అందుకే ఈ జవాబు పొడవునా ఆల్కహాల్‌కు మిథనోల్, ఇథనోల్ అనీ, ఆల్డిహైడ్‌కు మిథనాల్, ఇథనాల్ అనీ రాస్తాను. మీ జవాబు పత్రంలోనూ అలాగే రాయండి, పక్కనే నిర్మాణం గీయండి. దిద్దేవారికి సందేహం రాకూడదు.

ఇక అసలు విషయం. హైడ్రాక్సిల్ ఏ కార్బన్ మీద ఉందో, ఆ కార్బన్‌కు నేరుగా అంటుకుని ఎన్ని హైడ్రోజన్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆక్సీకరణంలో ఆక్సిజన్ మీది హైడ్రోజన్ ఒకటి, ఆ కార్బన్ మీది హైడ్రోజన్ ఒకటి పోతాయి. కార్బన్, ఆక్సిజన్ల మధ్య ద్విబంధం ఏర్పడుతుంది. కార్బన్ మీద రెండు హైడ్రోజన్లు ఉంటే, అంటే ప్రైమరీ ఆల్కహాల్ అయితే, ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. అది ఆల్డిహైడ్. ఒక్కటే ఉంటే, అంటే సెకండరీ అయితే, అదీ పోయి కీటోన్ వస్తుంది. ఒక్కటీ లేకపోతే, అంటే టెర్షరీ అయితే, తీయడానికి హైడ్రోజనే లేదు. ద్విబంధం ఏర్పడాలంటే కార్బన్-కార్బన్ బంధం తెగాలి, మామూలు పరిస్థితుల్లో అది జరగదు.

మీ మూడు ఆల్కహాల్‌లూ ఐసోమర్లు. ప్రతిదానిలో ఐదు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉన్నాయి. మూడింటి అణుభారమూ 88. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ మీది హైడ్రోజన్ల సంఖ్య ఒక్కటే వాటి ఆక్సీకరణ ఫలితాలను వేరు చేస్తుంది. ఆ ప్రశ్న తయారుచేసిన ఉపాధ్యాయుడు బాగా ఆలోచించి ఇచ్చారు.

మొదటిది, 2-మిథైల్‌బ్యూటన్-1-ఓల్. నాలుగు కార్బన్ల శృంఖలం, ఒకటో కార్బన్ మీద హైడ్రాక్సిల్, రెండో కార్బన్ మీద మిథైల్. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ మీద రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. పీసీసీతో 2-మిథైల్‌బ్యూటనాల్ వస్తుంది. ఆమ్లీకృత డైక్రోమేట్ తగినంత వేసి వేడిచేస్తే 2-మిథైల్‌బ్యూటనోయిక్ ఆమ్లం వస్తుంది. రెండు పేర్లలోనూ ‘1’ అన్న అంకె లేదు. ఆల్డిహైడ్ కార్బన్‌గానీ, ఆమ్లపు కార్బన్‌గానీ శృంఖలం చివరే ఉంటుంది, అదే ఎప్పుడూ ఒకటో నంబరు, ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ‘2-మిథైల్‌బ్యూటన్-1-ఆల్’ అని రాస్తే అర్థమవుతుంది, కానీ ఆ అంకె అనవసరం.

రెండోది, 3-మిథైల్‌బ్యూటన్-2-ఓల్. హైడ్రాక్సిల్ కార్బన్ మీద ఒకే హైడ్రోజన్ ఉంది కాబట్టి కీటోన్ వస్తుంది. మీరు రాసిన నిర్మాణం సరైనదే, తప్పు అంకెల్లోనే. శృంఖలంలో నాలుగు కార్బన్లు ఉన్నాయి. ఒకవైపు నుంచి లెక్కిస్తే కీటోన్ 2, మిథైల్ 3. రెండోవైపు నుంచి లెక్కిస్తే మిథైల్ 2, కీటోన్ 3. మీరు మిథైల్‌కు చిన్న అంకె ఇచ్చారు. ప్రధాన ప్రమేయ సమూహం (సమ్మేళనం ఏ తరగతిదో నిర్ణయించే సమూహం, ఇక్కడ కీటోన్) ఉన్నప్పుడు చిన్న అంకె దానిదే, శాఖల సంగతి ఆ తర్వాత. కాబట్టి పేరు 3-మిథైల్‌బ్యూటన్-2-ఓన్. డైక్రోమేట్‌తోనైనా పీసీసీతోనైనా ఇదే. పాత పుస్తకాల్లో ‘3-మిథైల్-2-బ్యూటనోన్’ అని కనిపిస్తుంది, అదీ ఇదే సమ్మేళనం. రసాయన నామాల నియమాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1993 సిఫార్సుల నుంచి అంకెను అది సూచించే పరపదం ముందు ఉంచుతున్నారు, అంతే తేడా.

మూడోదానికి, అంటే 2-మిథైల్‌బ్యూటన్-2-ఓల్‌కు, పేరు రాయకండి. ‘టెర్షరీ ఆల్కహాల్, ఈ పరిస్థితుల్లో ఆక్సీకరణం జరగదు’ అని రాయండి. ఖాళీ వదిలేస్తే తెలియదనుకుంటారు, కారణం రాస్తే మార్కులు వస్తాయి. ప్రయోగశాలలో ఈ మూడింటినీ మూడు పరీక్షనాళికల్లో వేసి, నారింజరంగు డైక్రోమేట్ ద్రావణం, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడినీళ్లలో ఉంచితే, మొదటి రెండూ ఆకుపచ్చగా మారతాయి, మూడోది నారింజరంగులోనే ఉండిపోతుంది. ఆ ఆకుపచ్చ క్రోమియం ప్లస్ మూడు అయాన్లది. ఒకసారి కళ్లారా చూసినవాళ్లు టెర్షరీ నియమం మరిచిపోరు. మీ కాలేజీలో ఈ ప్రయోగం చేయించకపోతే అధ్యాపకులను అడగండి. కానీ డైక్రోమేట్ విషపూరితం, క్యాన్సర్ కారకం కూడా. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబోయవద్దు.

టెర్షరీ విషయంలో ఒక మెలిక ఉంది. ప్రశ్నలో డైక్రోమేట్‌కు బదులు ‘573 కెల్విన్ల వద్ద వేడి రాగి’ అని ఇస్తే చర్య జరుగుతుంది. టెర్షరీలో అప్పుడు జరిగేది ఆక్సీకరణం కాదు, నిర్జలీకరణం. అదే రాగి మీద ప్రైమరీ, సెకండరీ ఆల్కహాల్‌లు మాత్రం హైడ్రోజన్‌ను కోల్పోయి, ప్రైమరీ నుంచి ఆల్డిహైడ్, సెకండరీ నుంచి కీటోన్ వస్తాయి. టెర్షరీ మాత్రం నీటి అణువును కోల్పోయి ఆల్కీన్ అవుతుంది. 2-మిథైల్‌ప్రొపన్-2-ఓల్ అయితే 2-మిథైల్‌ప్రొపీన్ వస్తుంది. ప్రవేశ పరీక్షల్లో దీన్ని తరచుగా అడుగుతారు.

పీసీసీ ఎందుకు ఆల్డిహైడ్ దగ్గర ఆగుతుంది, డైక్రోమేట్ ఎందుకు ఆగదు? కారకాల పట్టిక బట్టీ పట్టే బదులు ఈ కారణం అర్థం చేసుకుంటే చాలు. ఆల్డిహైడ్ నీటిలో ఉన్నప్పుడు కొంత భాగం నీటి అణువును కలుపుకొని, ఒకే కార్బన్ మీద రెండు హైడ్రాక్సిల్‌లున్న హైడ్రేట్‌గా మారుతుంది. ఆ కార్బన్ మీద ఇంకా ఒక హైడ్రోజన్ ఉంది. అంటే మళ్లీ ఆక్సీకరించడానికి వీలున్న ఆల్కహాల్ తయారైనట్టే. దాన్ని ఆక్సీకరిస్తే వచ్చేది కార్బాక్సిలిక్ ఆమ్లం. డైక్రోమేట్ ద్రావణంలో నీరు ఉంటుంది కాబట్టి చర్య ఆమ్లం దాకా సాగుతుంది. పీసీసీ అంటే పిరిడీనియం క్లోరోక్రోమేట్. దీన్ని నీరు లేని డైక్లోరోమీథేన్‌లో వాడతారు. నీరు లేదు కాబట్టి హైడ్రేట్ లేదు, చర్య ఆల్డిహైడ్ దగ్గరే ఆగిపోతుంది. 1975లో కోరీ, సగ్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటించారు. తర్వాత వచ్చిన స్వెర్న్, డెస్-మార్టిన్ పద్ధతులు క్రోమియం లేకుండానే ఇదే పని చేస్తాయి. ప్రశ్నలో ఈ పేర్లలో ఏది కనిపించినా ప్రైమరీ ఆల్కహాల్‌కు ‘ఆల్’ దగ్గర ఆగండి.

డైక్రోమేట్‌తో కూడా ఆల్డిహైడ్‌ను పట్టుకోవచ్చు, తయారైన వెంటనే స్వేదనం చేసి బయటికి తీయాలి. ఇథనోల్ 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, ఇథనాల్ సుమారు 20 డిగ్రీల వద్దే మరుగుతుంది. వేడి ఫ్లాస్కులో పుట్టిన ఆల్డిహైడ్ ఆవిరై వెళ్లిపోతుంది, ఆమ్లంగా మారే వ్యవధి దానికి ఉండదు. అందుకే ప్రశ్నలో ‘స్వేదనం చేస్తూ’ అంటే ఆల్డిహైడ్ పేరు, ‘రిఫ్లక్స్ చేసి’ (ఆవిరిని చల్లబరిచి మళ్లీ ఫ్లాస్కులోకే దింపుతూ వేడిచేసి) అంటే ఆమ్లం పేరు రాయాలి. ఆ ఒక్క మాట చదవకుండా దాటేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. క్షార పర్మాంగనేట్ ఇచ్చి, తర్వాత ఆమ్లం కలిపినట్టు చెప్పకపోతే వచ్చేది లవణం. ఇథనోల్ నుంచి పొటాషియం ఇథనోయేట్ వస్తుంది, ఆమ్లం కలిపాకే ఇథనోయిక్ ఆమ్లం.

ప్రధాన శృంఖలాన్ని ఎంచుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2-ఇథైల్‌బ్యూటన్-1-ఓల్ గీసి చూడండి. ఆ అణువులో ఐదు కార్బన్ల శృంఖలం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ప్రధాన శృంఖలంగా తీసుకోవాలనిపిస్తుంది, కానీ హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్ అందులో లేదు, పక్కకు శాఖగా ఉంది. ప్రమేయ సమూహపు కార్బన్‌ను కలుపుకొని పోయే శృంఖలాల్లో పొడవైనదే లెక్క, అది నాలుగు కార్బన్లది. ఆక్సీకరిస్తే 2-ఇథైల్‌బ్యూటనాల్, ఆ తర్వాత 2-ఇథైల్‌బ్యూటనోయిక్ ఆమ్లం.

వలయాల దగ్గర ఇంకో తేడా ఉంది. హైడ్రాక్సిల్ వలయంలోని కార్బన్ మీదే ఉంటే సులువు, సైక్లోహెక్సనోల్ నుంచి సైక్లోహెక్సనోన్ వస్తుంది. కానీ సైక్లోహెక్సైల్‌మిథనోల్‌లో హైడ్రాక్సిల్ వలయానికి బయట ఉన్న కార్బన్ మీద ఉంది. అది ఆల్డిహైడ్ అయినప్పుడు వలయంలో కలవదు కాబట్టి ‘హెక్సనాల్’ అనకూడదు. పేరు సైక్లోహెక్సేన్‌కార్బాల్డిహైడ్, దాని ఆమ్లం సైక్లోహెక్సేన్‌కార్బాక్సిలిక్ ఆమ్లం. ‘కార్బ్’ అన్న ముక్క ఆ అదనపు కార్బన్‌ను లెక్కలోకి తెస్తుంది. బెంజీన్ వలయమైతే ఐయూపీఏసీ కూడా పాత పేర్లనే ఉంచింది. ఫినైల్‌మిథనోల్ నుంచి బెంజాల్డిహైడ్, తర్వాత బెంజోయిక్ ఆమ్లం. 1-ఫినైల్‌ఇథనోల్ సెకండరీ కాబట్టి పీసీసీతో 1-ఫినైల్‌ఇథనోన్ వస్తుంది. అయితే వేడి పర్మాంగనేట్ ఇస్తే పక్క శృంఖలమే తెగి బెంజోయిక్ ఆమ్లం మిగులుతుంది.

ఇప్పుడు అంకెలు నిజంగా మారే ఉదాహరణ. బ్యూటేన్-1,3-డైఓల్ తీసుకోండి. ఒకటో కార్బన్ మీది హైడ్రాక్సిల్ ప్రైమరీ, మూడో కార్బన్ మీదిది సెకండరీ. ప్రైమరీ మాత్రమే ఆల్డిహైడ్‌గా మారితే 3-హైడ్రాక్సీబ్యూటనాల్. ఆల్డిహైడ్‌కు ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి మిగిలిన హైడ్రాక్సిల్ పరపదం స్థానం కోల్పోయి ‘హైడ్రాక్సీ’ అనే పూర్వపదంగా ముందుకు వెళ్లింది. అంకెలు అవే ఉన్నాయి. ఇప్పుడు సెకండరీ మాత్రమే కీటోన్‌గా మారిందనుకోండి. పాత అంకెలతో రాసేవాళ్లు ‘1-హైడ్రాక్సీబ్యూటన్-3-ఓన్’ అంటారు. కానీ ఇప్పుడు ప్రధాన సమూహం కీటోన్, చిన్న అంకె దానికి ఇవ్వాలి. అవతలి చివర నుంచి లెక్కిస్తే కీటోన్ 2, హైడ్రాక్సిల్ 4. సరైన పేరు 4-హైడ్రాక్సీబ్యూటన్-2-ఓన్. ఒకటి నాలుగైంది, మూడు రెండైంది. అణువులో అటూ ఇటూ కదిలింది ఏదీ లేదు. అంకెలు మళ్లీ కొత్తగా వేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ప్రాధాన్య క్రమం కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోండి. ఆమ్లం, ఆ తర్వాత ఆల్డిహైడ్, తర్వాత కీటోన్, ఆ తర్వాతే ఆల్కహాల్. ఒకే అణువులో రెండు ఉంటే పైనున్నదానికి పరపదం, కిందిదానికి పూర్వపదం. పూర్వపదంగా వచ్చినప్పుడు కీటోన్ ‘ఆక్సో’ అవుతుంది. ఇది పుస్తకాలకే పరిమితమైన కసరత్తు కాదు. మధుమేహం అదుపు తప్పినప్పుడు రక్తంలో పెరిగే కీటోన్ బాడీల్లో 3-హైడ్రాక్సీబ్యూటనోయిక్ ఆమ్లం ఒకటి. అది ఆక్సీకరణం చెందితే 3-ఆక్సోబ్యూటనోయిక్ ఆమ్లం, వైద్యులు ఎసిటోఎసిటిక్ ఆమ్లం అనేది ఇదే. అది కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి ప్రొపనోన్, అంటే ఎసిటోన్ అవుతుంది. రోగి ఊపిరిలో పండు వాసన లాంటిది దానివల్లే వస్తుంది. పేర్లు వరసగా రాసి చూడండి. హైడ్రాక్సీ పోయి ఆక్సో వచ్చింది, ఆపై ఒక కార్బన్ తగ్గి బ్యూటన్ ప్రొపన్ అయింది. శరీరంలో జరిగిందంతా పేర్లలోనే చదవవచ్చు. తీవ్రంగా పనిచేసే కండరాల్లోని లాక్టిక్ ఆమ్లం, అంటే 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం, 2-ఆక్సోప్రొపనోయిక్ ఆమ్లంగా, అంటే పైరువిక్ ఆమ్లంగా మారేదీ ఇదే తీరు.

పేరు ముందు ‘ఆర్’, ‘ఎస్’ అనే గుర్తులు (ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే అమరికలను వేరుచేసేవి) ఉంటే వాటి సంగతి కూడా చూడాలి. మీ మొదటి ఆల్కహాల్‌లో రెండో కార్బన్‌కు నాలుగు వేర్వేరు సమూహాలున్నాయి, అది కైరల్. ఆక్సీకరణం దాని జోలికి పోదు. కాబట్టి ఎస్-2-మిథైల్‌బ్యూటన్-1-ఓల్ నుంచి ఎస్-2-మిథైల్‌బ్యూటనాల్, ఎస్-2-మిథైల్‌బ్యూటనోయిక్ ఆమ్లం వస్తాయి. బ్యూటన్-2-ఓల్‌లో మాత్రం కైరల్ కార్బన్, హైడ్రాక్సిల్ కార్బన్ రెండూ ఒకటే. కీటోన్ అయ్యాక ఆ కార్బన్‌కు మూడే దిశలు మిగులుతాయి. ఆర్ నుంచి మొదలుపెట్టినా ఎస్ నుంచి మొదలుపెట్టినా వచ్చేది ఒకే బ్యూటన్-2-ఓన్, దాని ముందు ఏ గుర్తూ రాయకూడదు. పుదీనా జాతి నూనెల్లోని మెంథోల్ (వాడుకలో మెంథాల్) మంచి ఉదాహరణ. 5-మిథైల్-2-(ప్రొపన్-2-ఐల్)సైక్లోహెక్సన్-1-ఓల్ అనే ఆ అణువులో మూడు కైరల్ కార్బన్లుంటాయి. ఆక్సీకరిస్తే వచ్చే మెంథోన్‌లో రెండే మిగులుతాయి.

ద్విబంధం ఉన్న ఆల్కహాల్ అయితే కారకాన్ని చూసి గానీ పేరు రాయకండి. జెరానియోల్ అనేది 3,7-డైమిథైల్‌ఆక్టా-2,6-డైఈన్-1-ఓల్. మాంగనీస్ డయాక్సైడ్ ఇలా హైడ్రాక్సిల్ కార్బన్ పక్కనే ద్విబంధం ఉన్న అల్లైలిక్ ఆల్కహాల్‌ను ద్విబంధాల జోలికి పోకుండా 3,7-డైమిథైల్‌ఆక్టా-2,6-డైఈనాల్‌గా మారుస్తుంది. అదే సిట్రాల్, నిమ్మగడ్డి నూనె వాసనకు మూలం. అక్కడ పర్మాంగనేట్ ఇస్తే ద్విబంధాలు కూడా దాడికి గురవుతాయి, ఆ పేరు ఇక పనికిరాదు.

కార్బన్ల సంఖ్య మారని ఆక్సీకరణాలే ఎక్కువ, కానీ అయొడోఫాం చర్య అలాంటిది కాదు. పెంటన్-2-ఓల్‌కు అయోడిన్, సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తే ఒక కార్బన్ అయొడోఫాంగా విడిపోయి సోడియం బ్యూటనోయేట్ మిగులుతుంది. నైలాన్ పరిశ్రమలో సైక్లోహెక్సనోల్, సైక్లోహెక్సనోన్‌ల మిశ్రమాన్ని నత్రికామ్లంతో ఆక్సీకరిస్తే వలయం తెగి హెక్సేన్‌డైఓయిక్ ఆమ్లం వస్తుంది. అక్కడ ఆరు కార్బన్లు ఆరుగానే ఉంటాయి, వలయం మాత్రం తెరుచుకుంటుంది.

జవాబు సరిచూసుకోవడానికి అణుభారం పనికొస్తుంది. ఆల్కహాల్ నుంచి ఆల్డిహైడ్‌కు గానీ కీటోన్‌కు గానీ 2 తగ్గుతుంది, ఆమ్లానికి 14 పెరుగుతుంది. మీ మొదటిదాంట్లో 88, 86, 102. అయితే 14 పెరిగిందనగానే ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు చేరాయనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ ఒక ఆక్సిజన్ చేరింది, రెండు హైడ్రోజన్లు పోయాయి.

చివరిగా, గైడులోని ఐసోవలెరాల్డిహైడ్. అది మీ మూడింటిలో దేని నుంచీ రాదు. సాధారణ నామాల్లో ఆల్డిహైడ్ పేరు ఆల్కహాల్ పేరు నుంచి కాక ఆమ్లం పేరు నుంచి పుడుతుంది. ఫార్మిక్ ఆమ్లం నుంచి ఫార్మాల్డిహైడ్, బ్యుటిరిక్ ఆమ్లం నుంచి బ్యుటిరాల్డిహైడ్. అలాగే ఐసోవలెరిక్ ఆమ్లం నుంచి ఐసోవలెరాల్డిహైడ్. ఆ ఆమ్లం 3-మిథైల్‌బ్యూటనోయిక్ ఆమ్లం, కాబట్టి ఈ ఆల్డిహైడ్ 3-మిథైల్‌బ్యూటనాల్. దాని ఆల్కహాల్ 3-మిథైల్‌బ్యూటన్-1-ఓల్, పాత పేరు ఐసోఎమైల్ ఆల్కహాల్. మిథైల్ మూడో కార్బన్ మీద ఉంది, మీ మొదటిదానిలో రెండో కార్బన్ మీద ఉంది. రెండింటినీ పక్కపక్కన గీసి, హైడ్రాక్సిల్ కార్బన్ నుంచి లెక్కపెట్టి చూడండి. ఆల్డిహైడ్, ఆమ్లాల సాధారణ నామాల్లో ఆల్ఫా, బీటా అక్షరాలు కనిపిస్తే ఇంకో సంగతి గమనించాలి. అక్కడ లెక్క కార్బొనిల్ (ఆక్సిజన్‌తో ద్విబంధమున్న కార్బన్) పక్క కార్బన్ నుంచి మొదలవుతుంది. ఆల్ఫా అంటే ఐయూపీఏసీ పేరులో 2, బీటా అంటే 3.